పరుపుల సాయిబు చూసిన నామాల పిల్లి

పొదిలి పెద్దబజారులో నడుస్తుంటే ఒకప్పుడు కుడిచేతి సందులోంచి టంగు టంగుమని మోత వినపడేది. అది అలీ సాహెబ్ దూది ఏకే మోత. మనిషంత పొడుగున్న విల్లును దూలానికి తాడుతో వేలాడదీసేవాడు. దానికి బిగించిన నరాన్ని దూది కుప్పలోకి దించి, కొయ్య గుండుతో కొట్టేవాడు. కొట్టినప్పుడల్లా గడ్డకట్టిన దూది విడిపోయేది. పొట్టు కిందికి రాలిపోయి, మంచిదంతా నురగలాగా పైకి పొంగేది. ఇప్పుడా సందులో ఫోమ్ పరుపులు అమ్మే కొట్టు ఉంది. లోపల ఏసీ వేసుకుని తలుపులు మూసేస్తారు, ఏ మోతా బయటికి రాదు.

సాయంత్రానికి అలీ సాహెబ్ మీసాలు, కనుబొమలు, లుంగీ అన్నీ తెల్లబడిపోయేవి. భార్య మౌలాబీ అతన్ని గుమ్మంలోనే ఆపి, తువ్వాలుతో నాలుగు దులుపులు దులిపి గాని లోపలికి రానిచ్చేది కాదు.

"ఊళ్లోవాళ్లు నీ పరుపుల మీద పడుకుంటారు. నాకేమో పప్పులో దూది, పులుసులో దూది," అనేది.

"గొంతులోకి మెత్తగా దిగుద్దిలే," అనేవాడతను.

పరుపు పనిలో ఒక చిక్కుంది. గోడ కట్టినవాడి పని కంటికి కనపడుతుంది. చొక్కా కుట్టినవాడి పనీ కనపడుతుంది. పరుపు కుట్టేశాక మాత్రం లోపల ఏముందో ఎవరికీ తెలియదు. పైపైన మంచి దూది పరిచి మధ్యలో పాత బొంతల ముక్కలు కుక్కేవాళ్లు ఉంటారు. జిన్నింగు మిల్లులో ఊడ్చిన చెత్త నింపేవాళ్లూ ఉంటారు. పడుకోగా పడుకోగా గడ్డలు తేలితే గాని ఆ సంగతి బయటపడదు. అందుకే పరుపు కొనేవాళ్లు గుడ్డనీ కుట్టునీ ఒక చూపు చూసి, తర్వాత మనిషి మొహంలోకి చూస్తారు.

"అంతా కొత్త దూదేనా సాయిబూ?"

"కొత్తదేనండి."

అంతే. బండి మీద వేసుకుని వెళ్లిపోయేవారు. అలీ సాహెబ్ తండ్రి కాలం నుంచీ ఆ కొట్టు నడిచింది ఈ ఒక్క మాట మీదే.

ఆ మాటకి బీట పడింది తొంభై తొమ్మిది చలికాలంలో, ఒక పిల్లి వల్ల.

అప్పట్లో పత్తి తీతలు మొదలయ్యాక అతను విల్లును సైకిలుకి కట్టుకుని ఊళ్లు తిరిగేవాడు. అరుగు మీద కూర్చుని పాత పరుపులు విప్పి, దూది మళ్లీ ఏకి, కొత్త గుడ్డలో కుట్టి ఇచ్చేవాడు. అట్లా ఒకసారి కొండల కింద ఊళ్లో ఒక రైతు ఇంట పని చేసి, రాత్రికి ఆయన చేలోనే పడుకున్నాడు. తెల్లారి కళ్లు తెరిచేసరికి పత్తి కుప్ప మీద ఒక చిన్న పిల్లి కూర్చుని ఇతన్ని చూస్తోంది. నుదుటి మీద నిలువు నామాలు. ఇతను లేచి కూర్చోగానే దిగి కొండ వైపు వెళ్లిపోయింది.

"నామాల పిల్లంటారు దాన్ని," అన్నాడు ఆ రైతు. "మా తాత చూశాడంట. నేను చూడలా, మా నాయనా చూడలా. అదృష్టవంతుడివి సాయిబూ."

అలీ సాహెబ్ సంబరం పట్టలేకపోయాడు. పొదిలి వచ్చి సైకిలు దిగకుండానే టీకొట్టు దగ్గర చెప్పేశాడు. చెప్పకుండా ఉండాల్సింది.

"ఏరా, విన్నారా? సాయిబుకి నామాల పిల్లి కనపడిందంట!"

"ఎవరు పెట్టారంట దానికి నామాలు?"

"ఎవరూ పెట్టలా. సాయిబు మీద దూది పడినట్టు వాళ్లింట్లో పిల్లి మీద కూడా పడుంటది. తెల్లగా కనపడి ఉంటది."

ఆ రోజుకి అతనూ వాళ్లతో పాటు నవ్వాడు. కాని పేరు నిలబడిపోయింది. పరుపుల సాయిబు కాస్తా పిల్లి సాయిబు అయ్యాడు. అక్కడితో ఆగినా బాగుండేది. ఒక రోజు పరుపు తీసుకెళ్లడానికి పెళ్లివారు వచ్చారు. ఎప్పటిలాగే కొత్త దూదేనా అని అడిగారు, ఎప్పటిలాగే కొత్తదేనండి అన్నాడు. వాళ్లతో వచ్చిన కుర్రబావమరిది పళ్లికిలించి, "పిల్లిని చూసినంత నిజమేనా?" అంటూ అక్కడున్న దబ్బనం అందుకుని కుట్టు విప్పాడు. మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికాడు. లోపల కొత్త దూదే ఉంది. చెయ్యి దులుపుకున్నాడు. విప్పిన కుట్టు మళ్లీ వేస్తున్నంతసేపూ అలీ సాహెబ్ తల ఎత్తలేదు. ఆ తర్వాత అది బజారులో అలవాటైపోయింది. పరుపు కొనడానికి వచ్చిన ప్రతివాళ్లూ ఒక మూల విప్పి చూపించమనేవారు. మౌలాబీకి ఒళ్లు మండేది.

"ఆ దిక్కుమాలిన పిల్లిని చూడలేదని చెప్పెయ్యి. పొరపాటు పడ్డానని చెప్పు. పీడా పోయిద్ది."

"చూశానుగా," అనేవాడు.

రెండువేల నాలుగులో గుంటూరు నుంచి త్రినాథ్ అనే ఆయన వచ్చాడు. బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటరు మేడ మీద గది తీసుకుని, మనుషుల్ని అడవులకి విహారయాత్రలు తీసుకెళ్లేవాడు. నల్లమలలో జింకలు, కొల్లేట్లో కొంగలు చూపించేవాడు. ఆ రోజుల్లో మన వైపు సెలవులిస్తే తిరుపతి కొండకో, సూర్యలంక సముద్రానికో వెళ్లేవారు. జంతువుని చూడటానికి పనిగట్టుకుని ప్రయాణం చేయడమేంటని త్రినాథ్ అత్తవారే నవ్వేవారట. నామాల పిల్లి మాట ఎక్కడో ఆయన చెవిన పడింది. టీకొట్టు దగ్గర అడిగితే అందరూ ముసిముసి నవ్వులతో సందు చూపించారు.

"పిల్లి సాయిబు మీరేనాండీ?" అన్నాడు వస్తూనే.

మౌలాబీ అప్పుడే క్యారేజీ తెచ్చి పెడుతోంది. "పరుపుల సాయిబు," అంది.

త్రినాథ్ తడబడి, స్టూలు మీద కూర్చుని, ఆ పిల్లి ఎంత అరుదైందో చెప్పుకొచ్చాడు. ప్రపంచంలో ఉన్న పిల్లి జాతులన్నిటిలో బాగా చిన్నవాటిలో అదొకటని, అటవీ శాఖవాళ్లలో కూడా చాలామంది చూడలేదని అన్నాడు. అలీ సాహెబ్ కొయ్య గుండు పక్కన పెట్టాడు.

"అంటే, ఉందన్నమాటేగా?"

"ఉందండి. దాన్ని నలుగురికీ చూపించగలరా?"

ఆ 'నలుగురికీ' అన్న మాట అతన్ని పట్టుకుంది. తనతో పాటు ఇంకో నాలుగు కళ్లు చూస్తే చాలు. వాళ్లు గుంటూరు మనుషులు, చదువుకున్నవాళ్లు. వాళ్లు చూశామంటే బజారు నోరు మూతపడుతుంది. దబ్బనాలు కింద పెడతారు.

అప్పటి నుంచి వీలైనప్పుడల్లా సైకిలేసుకుని కొండల కిందికి వెళ్లేవాడు. అక్కడ గుట్టని ఆనుకుని పొగాకుని పొయ్యి వేడికి ఆరబెట్టే బ్యారన్ ఒకటి పాడుబడి ఉంది. రైతులంతా పొగాకు వేయడం ఆపేసిన ఏడాది నుంచి దాంట్లో పొయ్యి రాజేయలేదు. పైరేకులు ఎవరో ఊడదీసుకుపోయారు. గోడలు మిగిలాయి, వాటిలో ఎలుకలు చేరాయి. ఎలుకలున్న చోటికి పిల్లి రాక మానదని, దూది ఏకినప్పుడు రాలిన మెత్తటి పొట్టును సంచిలో తీసుకెళ్లి బ్యారన్ గుమ్మంలో పల్చగా చల్లి వచ్చేవాడు. మర్నాడు వెళ్లి చూస్తే కోడిపెట్టవి, ఉడతవి, తొండవి పాదాల గుర్తులు పడి ఉండేవి. ఒక రోజు మాత్రం రూపాయి బిళ్లకన్నా చిన్న గుండ్రటి గుర్తులు, గోళ్ల ఆనవాలు లేకుండా, లోపలికి వెళ్లి బయటికి వచ్చినట్టు కనపడ్డాయి. వాటిని తొక్కకుండా చుట్టూ తిరిగి వచ్చి త్రినాథ్‌కి ఫోన్ చేశాడు.

మిర్చి కోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో యాత్ర పెట్టారు. నలుగురు వస్తారనుకుంటే, మూడు రోజులూ కోడికూర ఉండదని తెలిసి ఇద్దరు మానుకున్నారు. మిగిలినవాళ్లు ఇద్దరు. సుబ్బరావమ్మగారు గుంటూరులో సైన్సు టీచరుగా చేసి రిటైరైన ఆవిడ. ప్రకాష్‌కి మార్టూరులో గ్రానైట్ పాలిష్ యూనిట్ ఉంది. మెడలో కొత్త డిజిటల్ కెమెరా వేలాడుతోంది, దానికన్నా పొడుగు లెన్సు.

బ్యారన్‌కి ఎదురుగా వెడల్పాటి రాతి పరుపుబండ ఒకటి ఉంది. చీకటి ఉండగానే దాని మీద చేరి, ఎండ వచ్చేదాకా కదలకుండా ఉండాలి. "రాయి చల్లగా ఉంటుందండీ, టీచరుగారికి మోకాళ్ల నొప్పులు. కింద వేసుకోడానికి ఏమన్నా చూస్తారా?" అని త్రినాథ్ ముందే చెప్పాడు.

రెండేసి గోనెసంచులు పరిస్తే సరిపోయేది. కాని అలీ సాహెబ్ ఏ పనీ సరిపెట్టి ఎరగడు. ఆ ఏటి పత్తిలో పొడుగు పింజె ఏరి తెచ్చాడు. ఒకసారి ఏకింది మళ్లీ ఏకాడు, నలుసు లేకుండా పోయేదాకా ఏకాడు. అందులో బూరుగు దూది కలిపాడు. మూడు పరుపులు కుట్టాడు. పెళ్లి పరుపులకి కూడా అంత దగ్గర కుట్టు వేయలేదు.

"రాతి మీద వేసేదానికి ఇంత పనా?" అంది మౌలాబీ.

"గుంటూరు నుంచి వస్తున్నారు."

"వాళ్లు వచ్చేది పిల్లి కోసమా, పడుకోడానికా?"

"పరుపు పరుపులాగా ఉండొద్దా?" అన్నాడు. ఆవిడ అడిగిందేమిటో అతనికి ఎక్కలేదు.

మొదటి రోజు తెల్లవారుజామున బండ మీదికి చేరారు. మూడు పరుపులు పక్కపక్కన వేశాడు. ముగ్గురూ బోర్లా పడుకుని, దుప్పట్లు మెడ దాకా లాక్కుని, గడ్డాల కింద చేతులు పెట్టుకుని బ్యారన్ వైపు చూస్తున్నారు. అలీ సాహెబ్ కాస్త ఎడంగా వట్టి బండ మీద కూర్చున్నాడు. దూరంగా కళ్లాల్లో ఆరబోసిన మిర్చి ఘాటు మంచుతో కలిసి సన్నగా వస్తోంది. ఆకాశం ఒక పక్క తెలుపు తిరిగింది.

అంతలో ప్రకాష్ కెమెరా మెల్లగా పక్కకి ఒరిగింది. దాని వెనక ప్రకాష్ తల ఒరిగింది. అలీ సాహెబ్ అటు తిరిగి చూస్తే త్రినాథ్ నోరు తెరుచుకుని ఉంది. సుబ్బరావమ్మగారు ఎప్పుడు పక్కకి తిరిగిందో, చెంప కింద చెయ్యి పెట్టుకుని నిండా నిద్రలో ఉంది.

లేపుదామని ముందుకి వంగాడు. సరిగ్గా అప్పుడు బ్యారన్ గుమ్మంలో అది కనపడింది.

అలీ సాహెబ్ వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. పిలిస్తే అది పోతుంది. చెయ్యి వేస్తే వాళ్లు ఉలిక్కిపడి లేస్తారు, అప్పుడూ పోతుంది. లేపకపోతే ఇదంతా ఎందుకు? అతని గుండె విల్లు నరంలాగా కొట్టుకుంటోంది. పిల్లి బండ ఎక్కింది. వాళ్లకి అంత దగ్గరికి వచ్చింది. అటూ ఇటూ చూసి, దిగి, రాళ్లలో కలిసిపోయింది. అతని నడుం పట్టేసింది. ఆ ముగ్గురూ ఎండ మొహం మీద పడితే గాని లేవలేదు.

"వచ్చిందా?" అన్నాడు త్రినాథ్ కళ్లు నులుముకుంటూ.

"వచ్చిందండి."

"ఎప్పుడు?"

"మీరు నిద్రలో ఉన్నప్పుడండి."

త్రినాథ్ తల పట్టుకున్నాడు.

"లేపొచ్చు కదయ్యా!" అన్నాడు ప్రకాష్.

"లేపితే పోయిద్దండి."

"లేపలేదు, అయినా పోయిందిగా! మొత్తానికి మళ్లీ నువ్వొక్కడివే చూశావన్నమాట." చెడ్డగా ఏమీ అనలేదు అతను, నవ్వుతూనే అన్నాడు. టీకొట్టు దగ్గర కూడా నవ్వుతూనే అనేవారు.

సుబ్బరావమ్మగారు పరుపు మీద చేత్తో నిమురుతోంది. "తప్పు నాదేనయ్యా. ఆయన పోయినప్పటి నుంచీ నాకు సరైన నిద్ర లేదు. ఇట్లా ఆరుబయట, రాతి మీద, ఈ వయసులో... ఏం పరుపు కుట్టావు సాయిబూ!"

మరో రోజైతే ఆ మాటకి ఇంటికెళ్లి పండగ చేసుకునేవాడు. ఆవిడ పరుపుని మెచ్చుకుంది గాని, పిల్లి వచ్చిందన్న మాట నమ్మానని అనలేదు. అది గమనించాడు. పరుపులు చుట్టి, తాళ్లు బిగించి, జీపులో వేశాడు. చుట్టేటప్పుడు మౌలాబీ అడిగిన మాట అప్పటికి ఎక్కింది.

రెండో రోజు వట్టి బండ మీదే కూర్చున్నారు. ఎవరూ కునుకు తీయలేదు. రాయి చల్లదనానికి సుబ్బరావమ్మగారి మోకాళ్లు బిగుసుకుపోయి, ఇద్దరు పట్టుకుని లేపాల్సి వచ్చింది. ఒక ముంగిస వచ్చి వెళ్లింది. ఇంకేమీ రాలేదు.

ఇక ఆ సాయంత్రం ఒక్కటే మిగిలింది. మర్నాడు పొద్దున్నే వాళ్ల ప్రయాణం. బండ దగ్గరికి నడుస్తుండగా త్రినాథ్ అలీ సాహెబ్‌ని కొంచెం వెనక్కి లాగాడు.

"సాయిబుగారూ, ఒక మాట. మసక వెలుతురులో ఏది కదిలినా అదిగో అనండి. చాలు. మిగతాది వాళ్లే చూసుకుంటారు."

"ఏం చూసుకుంటారండి?"

"వాళ్ల కళ్లకి అదే పిల్లి అయిపోతుంది. అన్ని అడవుల్లో అందరూ చేసేదే ఇది. వాళ్లకి తృప్తి, నాకు పేరు. మీకూ మంచిదే కదా! ప్రకాష్ గారు మార్టూరంతా చెప్తారు, టీచరుగారు గుంటూరులో చెప్తారు. మీ బజారులో ఇక ఎవడు నోరెత్తుతాడు?"

అలీ సాహెబ్ తల వంచుకుని బండ వైపు నడిచాడు. త్రినాథ్ దాన్ని సరేననుకున్నాడు.

పొద్దు గుట్ట వెనక్కి దిగింది. చేల మీద ఎరుపు పోయి బూడిద రంగు వచ్చింది. మేకల గంటలు దూరంగా వెళ్లిపోయాయి. బ్యారన్ గోడ పక్కన తంగేడు పొద కదిలింది. పొద వెనక నుంచి గోధుమరంగు వీపు ఒకటి మెల్లగా జరిగింది. తోక కనపడింది. పిల్లే.

"అదేనా?" ప్రకాష్ కెమెరా టకటకా కొట్టింది. "సాయిబూ, అదేనా?"

"అదే కదూ!" సుబ్బరావమ్మగారు ముందుకి వంగింది. ఆవిడ అలీ సాహెబ్ మోచెయ్యి పట్టుకుంది. "అదే కదయ్యా!"

త్రినాథ్ అతని వైపే చూస్తున్నాడు. ముగ్గురి మొహాలూ ఇటు తిరిగి ఉన్నాయి. ఇన్నేళ్లలో అతని నోటి నుంచి వచ్చే మాట కోసం ఎవరూ అంత ఆశగా చూడలేదు. నోరు కూడా తెరవక్కర్లేదు, తల ఊపితే చాలు. బజారంతా కళ్ల ముందు తిరిగింది. టీకొట్టు, కుర్రబావమరిది చేతిలో దబ్బనం, విప్పిన కుట్లు.

"కాదండి," అన్నాడు.

"కాదా?"

"ఊరి పిల్లేనండి. ఆ చేలో కాపలా ఉండే అంకయ్యది. వాళ్లావిడ ఆదెమ్మ పాలు పోసుద్ది దానికి."

మాట విన్నట్టే ఆ పిల్లి మ్యావుమంటూ పొద దాటి వచ్చి, బండ కింద నిలబడి, పాల కోసం అన్నట్టు వాళ్ల మొహాల్లోకి చూసింది. ప్రకాష్ కెమెరా దించేశాడు. త్రినాథ్ నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. చీకటి పడేదాకా ఇంకాసేపు కూర్చున్నారు గాని, అది అలవాటు కొద్దీ కూర్చోవడమే.

చీకట్లో జీపు దగ్గరికి తిరిగి వచ్చారు. అలీ సాహెబ్ వెనక వైపు చుట్టిన పరుపుల మీద ఎక్కి కూర్చున్నాడు. అంతా అయిపోయిందనుకున్నాడు. రేపు వీళ్లు వెళ్లిపోతారు. టీకొట్టు దగ్గర ఏమని అడుగుతారో, ఎట్లా నవ్వుతారో అతనికి ఇప్పుడే వినపడుతోంది. అయినా ఎందుకో మనసు తేలిగ్గానే ఉంది. పొట్టంతా రాలిపోయిన దూదిలాగా ఉంది.

ముందు సీట్లోంచి సుబ్బరావమ్మగారు వెనక్కి తిరిగింది.

"సాయిబూ, నిన్న పొద్దున వచ్చినప్పుడు ఎట్లా ఉందది?"

వచ్చిందా అని కాదు ఆవిడ అడిగింది. ఎట్లా ఉందని అడిగింది. తాళం తిప్పబోయిన త్రినాథ్ చెయ్యి ఆగిపోయింది.

అలీ సాహెబ్ గొంతు సవరించుకున్నాడు. "చిన్నదండి. చాలా చిన్నది. ఊరి పిల్లిలో సగం కన్నా కాస్త ఎక్కువ ఉంటదేమో. ఏకిన దూది నేల మీద జారితే చప్పుడవదు చూడండి, అట్టా వచ్చింది."

"రంగు?" అన్నాడు ప్రకాష్.

"బూడిద, అందులో కాస్త ఎరుపు. ఒంటి మీద తుప్పు రంగు మచ్చలు. అడ్డదిడ్డంగా కాదండి, పరుపు మీద టాకా కుట్టు వేసినట్టు వరసలో ఉన్నాయి. తోకకి మాత్రం మచ్చల్లేవు. నుదుటి మీద చారలు మెడ దాకా పోయాయి, వాటి మధ్యన తెలుపు. కళ్లు మాత్రం ఒంటికి మించినవి."

"బండ ఎక్కిందా?"

"ఎక్కిందండి. టీచరమ్మగారి పరుపు మూల మీద ముందు కాళ్లు రెండూ పెట్టింది."

"నా పరుపు మీదా!" సుబ్బరావమ్మగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నేను గురక పెడుతున్నానా అప్పుడు?"

"మీరు లేదండి. త్రినాథ్ గారు."

జీపులో నవ్వులు లేచాయి. త్రినాథ్ కూడా నవ్వాడు. ఇంజను మాట మర్చిపోయి, తాళం తీసి జేబులో వేసుకున్నాడు. ప్రకాష్ ముందు సీట్లోంచి దిగి, వెనక్కి వచ్చి, పరుపుల మీద సాయిబు పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు.

"ఆగాగు," అన్నాడు. "గుమ్మంలో కనపడిన కాడి నుంచి చెప్పు. ఏదీ వదలొద్దు."

అలీ సాహెబ్ కాళ్లు మడుచుకుని సర్దుకుని కూర్చుని, మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.